ఆ బొమ్మ కాపీ మా చేతికివ్వండి: ఉత్తర తెలంగాణ కాస్మెటిక్ సర్జన్లకు ఒక ఫొటోగ్రాఫర్ బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో ప్లాస్టిక్ సర్జరీ, కాస్మెటిక్ సర్జరీ చేస్తున్న డాక్టర్లందరికీ నమస్కారం.

నేను హనుమకొండలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పాస్‌పోర్ట్ ఫొటోల నుంచి పెళ్లి ఆల్బమ్‌ల దాకా వేల మంది నా కెమెరా ముందు కూర్చున్నారు. వైద్యం గురించి మీకు చెప్పేంత చదువు నాకు లేదు. కానీ ఆపరేషన్‌కి ముందు మీ క్లినిక్కుల్లో పేషెంట్లకు ఇప్పుడు చూపిస్తున్నది ఫొటో. "సర్జరీ తర్వాత మీరిలా ఉంటారు" అని కంప్యూటర్‌లో మార్చి చూపించే ఫొటో. ఫొటో ఎలా మారుతుందో నాకు తెలుసు. మార్చిన ఫొటో చూసుకున్నప్పుడు మనిషి కళ్లలో వచ్చే వెలుగు నేను రోజూ చూస్తాను. ఆ వెలుగు ఎంత బలమైనదో తెలుసు కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను.

మా అక్క బిడ్డ సంగతి ముందు చెప్పాలి. ఆమెను అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. వయసు ఇరవై నాలుగు. పరకాల దగ్గర ఊరు, హనుమకొండలో ఉద్యోగం. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ముక్కు దూలం మీద చిన్న ఎత్తు మిగిలిపోయింది. ఇంట్లో ఎవరం దాన్ని పట్టించుకోలేదు. సంబంధాలు చూడడం మొదలయ్యాక, చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకామె ఏదో మాట అనేసి వెళ్లింది. ఆ మాట మా బిడ్డను పట్టుకుంది. నిరుడు దసరా తర్వాత తన జీతం డబ్బులు కూడబెట్టుకుని ఒక క్లినిక్‌కి వెళ్తానంది. అక్కతో పాటు నేనూ వెళ్లాను.

డాక్టర్ గారి గదిలోకి పోకముందే ఇంకో గదిలో కూర్చోబెట్టారు. కౌన్సెలర్ అని ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. మా బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టింది. పైన ట్యూబ్‌లైట్. చెయ్యి చాపినంత దూరం నుంచి ముందు వైపు ఒకటి, పక్క వైపు ఒకటి, రెండే ఫొటోలు తీసింది. వేలితో ముక్కు మీద అటూ ఇటూ జరిపింది. దూలం మీది ఎత్తు పోయింది. ముక్కు కొన సన్నబడి కొద్దిగా పైకి లేచింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ట్యాబ్ ఇటు తిప్పింది. మా బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేనేనా మామా ఇది?" అని నా వైపు చూసింది.

ఆ బొమ్మలో మారింది ముక్కు ఒక్కటే కాదు. బుగ్గలు నున్నగా అయ్యాయి. కంటి కింది నలుపు పోయింది. ఒంటి రంగు ఒక మెట్టు తెల్లబడింది. అవన్నీ యాప్ తనంతట తాను చేసేసింది. ఇది మా పనే కనుక చూడగానే నాకు తెలిసిపోయింది. "ఇట్లనే వస్తది మేడం. ఇయ్యాల బుక్ చేసుకుంటే పదివేలు తగ్గిస్తం" అంది ఆ అమ్మాయి. నేను అప్పుడే నోరు విప్పాల్సింది. బిడ్డ మొహంలో సంతోషం చూసి ఆగిపోయాను. ఆ తప్పు నాది, దాన్ని ఇంకొకరి మీద వెయ్యను. అడ్వాన్స్ కట్టాం. డాక్టర్ గారు తర్వాత వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడారు. సంతకాల కాగితాలు ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు, ఆపరేషన్ రోజు పొద్దున చేతికి వచ్చాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఎత్తు పోయింది, ఊపిరికి ఇబ్బంది లేదు. కానీ నాలుగో నెలలో కూడా ముక్కు కొన మందంగా ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ఆ పిల్ల అద్దం ముందు నిలబడి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టింది. "మామా, ట్యాబ్‌ల చూపించిన ముక్కు ఇది కాదు కదా?" అని అడిగింది. పక్కన పెట్టి చూద్దామని క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ బొమ్మ పంపమన్నాం. సేవ్ చేయలేదన్నారు. ఇక ఆమె దగ్గర మిగిలింది రెండు నిమిషాలు చూసిన బొమ్మ జ్ఞాపకం ఒక్కటే. జ్ఞాపకంలోని బొమ్మతో చిక్కేమిటంటే అది రోజురోజుకీ ఇంకా అందంగా తయారవుతుంది. అసలు ముక్కు దానికి ఎప్పటికీ అందదు.

చివరికి ఇంకో సర్జన్ గారికి చూపించాం. ఆయన చాలాసేపు చూసి, పని బాగా చేశారనీ, ముక్కు వాపు పూర్తిగా దిగడానికి ఏడాది దాకా పడుతుందనీ, అందులోనూ కొన దగ్గర అన్నిటికంటే ఆలస్యమనీ, చర్మం మందంగా ఉన్నవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చనీ చెప్పారు. ఇది మీకందరికీ తెలిసిన సంగతే. ట్యాబ్ తిప్పి చూపించిన రోజు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల అన్ని రాత్రులు ఏడ్చేది కాదు.

ఈ లేఖ చదివి నేను సిమ్యులేషన్‌కి, అంటే ఇలా కంప్యూటర్‌లో బొమ్మ మార్చి ముందే చూపించడానికి, వ్యతిరేకం అనుకోకండి. అది ఉండాలనే నా కోరిక. ఎందుకో చెప్తాను. మన దగ్గర ముక్కు గురించి ఎన్ని మాటలున్నాయో చూడండి. కోటేరు వేసినట్టున్న ముక్కు అంటాం, చప్పిడి ముక్కు అంటాం, బండ ముక్కు అంటాం. "కోటేరు ముక్కు" అనగానే మా అక్క మనసులో ఒక ముక్కు కనబడుతుంది, నా మనసులో ఇంకొకటి, ఆ పిల్ల మనసులో ఏ హీరోయిన్‌దో కనబడుతుంది. మీరు వాడే ఇంగ్లిష్ పేర్లు మాలో ఎవరికీ అర్థం కావు. "కొంచెం సన్నగా" అంటే ఎంత? "సహజంగా ఉండాలి" అంటే ఎలా? ఇవి మాటలతో తేలే విషయాలు కావు. బొమ్మ ముందుంటే వేలు పెట్టి "ఇక్కడ ఇంత, ఇంతకు మించి వద్దు" అని చెప్పొచ్చు. చదువు లేని తల్లి కూడా చెప్పగలదు. డాక్టర్ ముందు నోరు పెగలని పిల్ల కూడా చెప్పగలదు. అంత మంచి పరికరం అది. దాన్ని బేరం కుదుర్చుకోవడానికి వాడుతున్నారనేదే నా బాధ.

మంచిగా వాడినవాళ్లనూ చూశాను. సుమారు పదేళ్ల కింద వరంగల్‌లోనే ఒక సర్జన్ గారు పేషెంట్ల ఫొటోలు తీయడానికి లైట్లు అమర్చమని నన్ను పిలిపించారు. నేర్పించడానికి వెళ్లినవాణ్ణి నేర్చుకుని వచ్చాను. ముక్కు పేషెంట్ అయితే ఆరు ఫొటోలు: ఎదురుగా ఒకటి, రెండు వైపుల నుంచి రెండు, రెండు మూలల నుంచి రెండు, తల పైకెత్తించి ముక్కు పుటాలు కనబడేలా ఒకటి. జుట్టు వెనక్కి కట్టాలి. ముక్కుపుడక, కమ్మలు తీయాలి. నవ్వకూడదు, ఎందుకంటే నవ్వితే ముక్కు కొన కిందికి దిగి పుటాలు వెడల్పవుతాయి. చెవి రంధ్రం నుంచి కంటి కింది ఎముక దాకా గీత గీస్తే అది నేలకు సమంగా ఉండాలి. స్టూల్ ఎక్కడ పెట్టాలో, కెమెరా ఎక్కడ పెట్టాలో నేల మీద టేపు అంటించి ఉంచారు. ఆపరేషన్ ముందూ తర్వాతా అదే చోటు, అదే లెన్స్, అదే లైటు.

బొమ్మ మార్చేటప్పుడు ఆయనే కూర్చునేవారు. పేషెంట్‌ని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని ఒక్కో గీత జరుపుతూ "ఇంత చాలా, ఇంకా తగ్గించాలా?" అని అడిగేవారు. ఒక దగ్గరికి వచ్చాక మౌస్ వదిలేసి, "ఇక్కడిదాకా నా చేతిలో ఉంది. ఇక్కడి నుంచి మీ చర్మం చేతిలో ఉంది" అనేవారు. ఆ తర్వాత ఇంకో బొమ్మ తీసేవారు. అనుకున్న మార్పులో సగమే వచ్చినట్టు చేసిన బొమ్మ. "ఇట్ల వచ్చినా మీకు సరేనా అమ్మా?" అని అడిగేవారు. ఒకామె ఆ రెండో బొమ్మ చాలాసేపు చూసి, ఆలోచించుకుని వస్తానని లేచి వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. ఆయన ఏమీ అనలేదు. రెండు బొమ్మలూ ప్రింట్ తీయించి ఆమె సంచిలో పెట్టించారు. కొన్ని నెలలకు ఆమె తిరిగి వచ్చి ఆపరేషన్ చేయించుకుంది. ఆ రెండో బొమ్మ మీ అందరి దగ్గరా ఉండాలని నేను కోరుకుంటున్నాను.

ఇప్పుడు ఫొటోగ్రాఫర్‌గా ఒక సంగతి చెప్తాను, దయచేసి శ్రద్ధగా చదవండి. మొన్న ఒకమ్మాయి స్టూడియోకి వచ్చింది. ఫోన్‌లో సెల్ఫీ చూపించి, "అన్నా, ముక్కు సన్నగ చేసి ప్రింట్ ఇస్తవా? డాక్టర్ సార్‌కి చూపిస్త" అంది. ఇలా అడిగేవాళ్లు ఈ మధ్య నెలకు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. ఆమెను స్టూల్ మీద కూర్చోబెట్టాను. ముందు ఆమె ఫోన్‌తోనే అడుగు దూరం నుంచి ఒక ఫొటో తీశాను. తర్వాత టేపుతో కొలిచి ఐదడుగుల దూరంలో ట్రైపాడ్ పెట్టి, పోర్ట్రెయిట్ లెన్స్‌తో ఇంకొకటి తీశాను. మొహం రెండింట్లో ఒకే సైజు వచ్చేలా సరిచేసి పక్కపక్కన ప్రింట్ ఇచ్చాను. మొదటి దాంట్లో ముక్కు ముందుకు పొడుచుకొచ్చి చెవులు వెనక్కి పోయాయి. రెండో దాంట్లో ఆమె ఎదురుగా ఉన్న మనిషిలా ఉంది. ఆ రెండు కాగితాలూ పట్టుకుని ఒకసారి అద్దంలోకి, ఒకసారి కాగితాల్లోకి చూస్తూ నిలబడిపోయింది.

ఇది నా కల్పన కాదు. 2018లో అమెరికాలో ముఖానికి ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టర్లే లెక్కగట్టి ప్రకటించారు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు అసలు కంటే సుమారు 30 శాతం వెడల్పుగా పడుతుంది. ఐదడుగుల నుంచి తీస్తే ఆ తేడా దాదాపు ఉండదు. దగ్గరగా ఉన్న వస్తువు పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనబడడమే కారణం. అడుగు దూరంలో ముక్కు కొనకూ చెవికీ మధ్య నాలుగైదు అంగుళాలంటే చాలా పెద్ద తేడా. ఐదడుగుల్లో అది లెక్కలోకి రాదు. ఇక ట్యాబ్‌తో చెయ్యి చాపినంత దూరం నుంచి తీసిన ఫొటో మీద సిమ్యులేషన్ చేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. లేని లావును బొమ్మలో కోస్తారు. పేషెంట్ ఆ కోతకే ఒప్పుకుంటుంది.

ఆ అమ్మాయి ఆపరేషన్ మానుకుందా అని అడగొచ్చు. మానుకోలేదు. రెండు ప్రింట్లూ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన అరగంట మాట్లాడారని తర్వాత ఫోన్ చేసి చెప్పింది. ఏం నిర్ణయించుకుందో నేను అడగలేదు. ఆ అరగంట మాట్లాడుకోవడమే నాకు ముఖ్యం.

రంగు సంగతి వేరే చెప్పాలి. పెళ్లి ఆల్బమ్‌లలో మేం రంగు తెల్లగా చేస్తాం. ఇన్నేళ్లుగా చేస్తున్నాను, అడుగుతారు కనుక చేస్తున్నాను. ఒక మొహంలో ఇంకేమీ ముట్టుకోకుండా కాస్త రంగు తేల్చి, చర్మం నునుపు చేస్తే చాలు, చూసినవాళ్లు "ముక్కు కూడా మంచిగొచ్చింది" అంటారు. ముక్కును నేను ముట్టుకోను, అయినా అంటారు. కంటికి అన్నీ కలిసే కనబడతాయి. అందుకే మీ సిమ్యులేషన్‌లో మార్చాల్సిన భాగం తప్ప ఇంకేదీ మారకూడదని వేడుకుంటున్నాను. రంగు, మచ్చలు, కంటి కింది నలుపు, జుట్టు, వెనకాల గోడ అన్నీ అసలు ఫొటోలో ఉన్నట్టే ఉండాలి. బ్యూటీ మోడ్ ఆఫ్ చేయించండి. మీ గోడల మీద పెట్టే ముందు-తర్వాత ఫొటోలకు కూడా ఇదే మాట. "ముందు" ఫొటో ట్యూబ్‌లైట్ కింద దిగాలుగా, "తర్వాత" ఫొటో మేకప్ వేసి సాఫ్ట్‌బాక్స్ లైటు ముందు నవ్వుతూ ఉంటే, ఆ తేడాలో మీ కత్తి ఎంతో మా లైటు ఎంతో పేషెంట్‌కి తెలిసే దారి లేదు.

మచ్చ ఏ బొమ్మలోనూ ఉండదు. పొట్ట తగ్గించే టమ్మీ టక్ చేస్తే పొత్తికడుపు కింద ఈ నడుము నుంచి ఆ నడుము దాకా కోత గీత ఉంటుంది. రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్‌కీ కోతలు ఉంటాయి. మన చర్మాలకు గాటు మానిన చోట నల్లబడడం మామూలే, కొందరికి మచ్చ ఉబ్బి పెరుగుతుంది కూడా. అయినా సిమ్యులేషన్‌లో పొట్ట నున్నగా, తెల్లగా, గీత లేకుండా కనబడుతుంది. గీత గీయడానికి నాకైతే ఒక్క నిమిషం చాలు. మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతకంటే పట్టదు. 1794లో లండన్‌లో ఒక పత్రిక మన దేశంలో జరిగిన ముక్కు ఆపరేషన్ బొమ్మను అచ్చువేసింది. ముక్కు కోల్పోయిన ఒక బండివాడికి నుదుటి చర్మంతో పుణె దగ్గర కొత్త ముక్కు కట్టారు. యూరప్ డాక్టర్లు ఆ పద్ధతి మీద కన్ను వేసింది ఆ బొమ్మ చూసే. ఆ బొమ్మలో నుదుటి మీద చర్మం తీసిన చోటు గుర్తు కూడా ఉంది. రెండు వందల ఏళ్ల కింద చేత్తో చెక్కినవాళ్లు దాచకుండా చూపించారు. కంప్యూటర్లు ఉన్న మనం చూపించలేమా?

బొమ్మ మీద తేదీ కూడా ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన అబ్బాయిలు రెండు నెలల సెలవు మీద వస్తారు. ఆ రెండు నెలల్లోనే పెళ్లిచూపులు. ఆలోపే జుట్టు పెట్టించుకోవాలని హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్తారు. ట్యాబ్‌లో ఒత్తైన జుట్టు, నుదుటి మీద చక్కటి గీత చూపిస్తారు. కానీ నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లో చాలావరకు రాలిపోతాయనీ, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలవడం మొదలై, పూర్తిగా రావడానికి ఏడాది పడుతుందనీ మీకు తెలుసు. అతనికి తెలియదు. ఇటువంటి ఒక తమ్ముడు, ఆపరేషన్ చేయించుకున్న నెలకు టోపీ పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, పెళ్లిచూపులకు పంపే ఫొటోలో జుట్టు గీయమని. టోపీ తీసినప్పుడు అతని మొహంలోకి చూడలేకపోయాను. నాటడానికి తల వెనక నుంచి తీసే వెంట్రుకలు కూడా కొంతవరకే ఉంటాయి, అన్ని బట్టతలలకూ సరిపోవు. ఆ లెక్క కూడా బొమ్మకు తెలియదు. యూట్యూబ్‌లో, వర్క్‌షాపుల్లో చూసి నేర్చుకున్నంత మాత్రాన ఈ పని మొదలుపెట్టకూడదని జాతీయ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో వేరే చెప్పనక్కర్లేదు. బొమ్మ కింద పెద్ద అక్షరాలతో "ఇది 12 నెలలకు" అని రాయండి. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఎలా ఉంటుందో మీ పాత పేషెంట్ల ఫొటోలు, వాళ్ల అనుమతితో, పక్కన పెట్టి చూపించండి.

ఇక చట్టం మాట. ఇది నాకంటే మీకే బాగా తెలుసు, అందుకే నాలుగు ముక్కల్లో చెప్తాను. ఆపరేషన్‌కి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని, రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. ప్రకటనలతో రోగులను ఆకర్షించకూడదన్నదీ అందులోదే. సమీరా కోహ్లీ అనే రోగి కేసులో 2008లో సుప్రీంకోర్టు, అనుమతి అంటే సంతకం కాదని, చికిత్స ఏమిటో, దానివల్ల లాభమేమిటో, వేరే దారులేమున్నాయో, ముఖ్యమైన ప్రమాదాలేమిటో రోగికి సరిపడా చెప్పాకే అది అనుమతి అవుతుందని తేల్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే అదే కోర్టు చెప్పింది. నా వాదన ఒక్కటే. మా బిడ్డ ఆ రోజు నిర్ణయం తీసుకున్నది నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితం చదివి కాదు, ట్యాబ్‌లోని బొమ్మ చూసి. ఆమె అనుమతికి ఆధారం ఆ బొమ్మే. అలాంటప్పుడు ఆ బొమ్మ కేసు షీటులో ఉండాలా వద్దా? ఎక్స్‌రే ఫిల్మ్ ఇచ్చినట్టు, రక్తపరీక్ష రిపోర్టు ఇచ్చినట్టు దాన్నీ మా చేతికి ఇవ్వాలి. తీసినవారి పేరు, తేదీ, కింద తెలుగులో "ఇది అంచనా మాత్రమే, హామీ కాదు" అన్న మాట, డాక్టర్ సంతకం ఉండాలి. కౌన్సెలర్ సంతకం సరిపోదు.

కాపీ ఇస్తే రేపు కోర్టులో మా మీదే వాడతారు కదా అని మీలో కొందరికి భయం ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ జరగనిదాన్ని బొమ్మలో చూపించకపోతే ఆ కాగితం మిమ్మల్నే కాపాడుతుంది. చేయగలిగినంతే చూపించి, సగం వస్తే ఎలా ఉంటుందో కూడా చూపించి, మచ్చ గీసి, నెలలు రాసి ఇచ్చిన డాక్టర్ మీద ఏ పేషెంట్ పోట్లాడుతుంది? కాపీ ఇవ్వడానికి భయపడాల్సిన బొమ్మ అసలు చూపించకూడని బొమ్మ.

సిమ్యులేషన్ ముందు కూర్చున్నప్పుడే మీకు ఇంకొక సంగతి కూడా తెలుస్తుంది. ఎంత మార్చినా "ఇంకొంచెం", "ఇంకొంచెం" అనేవాళ్లు ఉంటారు. ఎదుటివాళ్లకు కనబడని లోపం వాళ్లకు రోజంతా కనబడుతుంది, అద్దం వదలరు, బయటికి రారు. అది ముక్కు జబ్బు కాదని, మనసు జబ్బని, దానికి పేరూ చికిత్సా ఉన్నాయని మీకు తెలుసు. అటువంటివాళ్లకు కత్తి పెడితే బాధ తగ్గదు, చోటు మారుతుంది. వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆ అరగంట మీరే కూర్చుంటే ఆ మనిషి మీకు కనబడుతుంది. కౌన్సెలర్‌కి కనబడేది బుకింగ్ మాత్రమే. పెళ్లిచూపుల్లో ఎవరో అన్న మాట మోసుకొచ్చిన పిల్లలను కూడా ఒక్క ప్రశ్న అడగండి: "ఆ మాట అనకపోయి ఉంటే ఇక్కడికి వచ్చేదానివా బిడ్డా?" మా బిడ్డను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఈ ఫొటోలు ఎక్కడికి పోతున్నాయో కూడా చెప్పండి. పొట్ట ఫొటోలు, రొమ్ముల ఫొటోలు క్లినిక్ స్టాఫ్ సొంత ఫోన్లలో తీయడం, వాట్సాప్‌లో పంపుకోవడం ఆపించండి. మొహం కత్తిరించినా మెడ మీది పుట్టుమచ్చ, చేతి మీది పచ్చబొట్టు చూసి మన ఊళ్లలో మనిషిని గుర్తుపడతారు. వరంగల్ హైదరాబాద్ అంత పెద్దది కాదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ఏ పని కోసం అనుమతి ఇచ్చామో ఆ పనికే మా ఫొటో వాడాలి.

ఆడవాళ్ల కోసం ఒక మాట: నడుము ఫొటోనో రొమ్ముల ఫొటోనో తీసేటప్పుడు తీసేది ఆడమనిషై ఉండాలి, లేదా ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలి. దీనికి ఖర్చేమీ లేదు.

మీలో ఎవరైనా ఒక క్లినిక్‌లో ఈ పద్ధతి మొదలుపెడతామంటే నేను వస్తాను. నేల మీద టేపు ఎక్కడ వేయాలో, లైటు ఏ ఎత్తులో ఉండాలో, లెన్స్ ఏది కావాలో, బ్యూటీ మోడ్ ఎక్కడ ఆపాలో మీ స్టాఫ్‌కి ఒక పూటలో నేర్పిస్తాను. వరంగల్ అయినా, కరీంనగర్ అయినా, ఆదిలాబాద్ అయినా సరే. డబ్బులు వద్దు. బ్యాక్‌డ్రాప్‌కి గుడ్డ నేనే తెస్తాను.

వచ్చే నెలకు మా బిడ్డ ఆపరేషన్‌కి ఏడాది నిండుతుంది. వాపు చాలావరకు దిగింది. అద్దం ముందు నిలబడడం తగ్గించింది, పూర్తిగా మానలేదు. ఆ రోజు నా స్టూడియోలో, టేపు వేసిన చోట స్టూల్ వేసి, ఐదడుగుల నుంచి ఆరు ఫొటోలు తీస్తానని మాట ఇచ్చాను. "పక్కకు పెట్టి చూద్దాం మామా" అంది. పక్కన పెట్టడానికి ఆ ట్యాబ్‌లోని బొమ్మ మా దగ్గర లేదు. ఆ క్లినిక్‌వాళ్లు ఈ లేఖ చదివితే, పాత ఫైళ్లలో ఇంకోసారి వెతికించండి. దొరికితే పంపండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఫొటోగ్రాఫర్